బిన్‌లో ఒక్క వీడియో

“లేదు,” అంది స్తుతి.

ఫోన్ తెర మీద ఆమె వేలు పైకీ కిందికీ పరుగెడుతోంది. నిన్న సాయంత్రం కనబడిన వీడియో ఇప్పుడు లేదు.

విచారణ అధికారి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. “సాక్ష్యం ఉందని పట్టుబట్టి అందర్నీ పిలిపించింది నువ్వే కదమ్మా.”

“ఉండాది సార్. మా ఆయన తీసిన వీడియో. ఫోన్లో కాదు, క్లౌడ్‌లో ఉండాది.”

ఎదుటి కుర్చీలో క్వారీ ఓనరు హనుమేష్ కాలు మీద కాలేసుకున్నాడు. “మబ్బుల్లో ఉండాదంట సార్. మన కడపలో మబ్బులు ఎప్పుడు కిందికి దిగినాయి?”

గదిలో ఒకరిద్దరు నవ్వారు. ఆ మనిషిని ఊచల వెనక చూడాలనే పంతంతోనే స్తుతి ఇన్నాళ్ళూ నాలుగు మెతుకులు మింగుతోంది.

నాపరాయి క్వారీలో బండలు పగలగొట్టే తూటాలు పేలి ఆమె మొగుడు జయరాజ్ పోయాడు. పేల్చే ముందు గోతిలోకి దిగి, బండకు వేసిన రంధ్రాలన్నీ వీడియో తీసి మేస్త్రీకి పంపడం అతని పని. ఆ రోజు అతను పైకి రాకముందే ఎవరో తూటాలు పేల్చే బటన్ నొక్కారు. నొక్కింది హనుమేషేనని జయరాజ్ తమ్ముడు శామ్ వాంగ్మూలం ఇచ్చాడు. తాను ఆ పొద్దు మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ముందు ఉన్నానని హనుమేష్ అంటాడు. జయరాజే తాగి గోతిలో దిగాడని కూడా అంటాడు. ఇవాళ గట్టి సాక్ష్యం చూపకపోతే తప్పు చచ్చినవాడిదేనని రాసి ఫైలు మూసేస్తారు.

జయరాజ్ ఫోను అద్దం పగిలిందే గానీ దాని ప్రాణం వెంటనే పోలేదు. అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయే దోవలో సిగ్నల్ తగలగానే వీడియో దానంతటదే క్లౌడ్‌లోకి ఎక్కింది. పాత ఫోటోల కోసం వెతుకుతుంటే నిన్న స్తుతి కంటపడింది. ఊళ్ళో సిగ్నల్ అందక తెరుచుకోలేదు. అయినా ఇల్లంతా వినబడేలా చెప్పింది, “హనుమేష్ దొరికినాడు” అని.

“పోతే పోనీలే వదినా,” శామ్ ముందుకొచ్చాడు. “సాక్ష్యానికి నేనుండా కదా. నా కళ్ళతో చూసినా.”

“నీ మాటకు ఆయన నవ్వుతాండాడు శామూ. మీ అన్న తీసింది చూసి నవ్వమను.”

గోడ పక్కన నిలబడ్డ అత్త విశ్వాసమ్మ మెల్లగా గొంతు విప్పింది. “నేనే తీసేసినా స్తుతీ.”

“ఏంది?”

“నా ఫోను నిండిపోయిందని ఒకటే అరుస్తాండె. పెద్దగా ఉండేదేదో తీసేసినా. నా ఫోన్లో తీసేస్తే నీ ఫోన్లో పోతాదని నాకేం తెలుసమ్మా?”

స్తుతికి విషయం అర్థమైంది. ఫోన్లు కొన్నప్పుడు షాపతను జయరాజ్ పేరుతో ఒక మెయిల్ తెరిచి, ఇంట్లో అందరి ఫోన్లలోనూ అదే పెట్టేశాడు. ఊళ్ళో సగం ఇళ్ళది ఇదే కథ. ఒకరి ఫోటోలు అందరికీ కనబడుతుంటే మురిసిపోయారు గానీ, ఒకరు చెరిపితే అందరికీ పోతాయని ఎవరూ ఆలోచించలేదు.

“నీ కొడుకు ఆఖరి గొంతు కదత్తా అది,” అంది స్తుతి. ఆ మాటకు విశ్వాసమ్మ తల వంచుకుంది.

కంప్యూటర్ ముందున్న క్లర్కు ప్రసన్నకుమారి ఇటు తిరిగింది. “చెరిపినవి అప్పుడే పోవు. కొన్నాళ్ళు బిన్‌లో, అంటే చెత్తబుట్టలో పడుంటాయి. రా, మీ మెయిల్ కొట్టు.”

స్తుతి లేచేలోపల అత్త ఆమె చెయ్యి పట్టుకుంది. “వద్దు తల్లీ. పోయినోడు ఎట్లా రాడు. పగ వదిలెయ్.”

“నువ్వు వదిలినావా? ఆయన్ను పూడ్చినప్పట్నుంచి చర్చిలో పాస్టరు ఇచ్చే రొట్టె నువ్వు ముట్టుకోల్యా. పగ పెట్టుకొని తీసుకోగూడదని నేనూ ముట్టల్యా. ఇద్దరి కడుపులోనూ ఒకటే మంట కదత్తా.”

విశ్వాసమ్మ చెయ్యి వదిలేసింది. స్తుతి వెళ్ళి మెయిలూ పాస్‌వర్డూ కొట్టింది.

“ఇదిగో,” అంది ప్రసన్నకుమారి. “బిన్‌లో ఇదొక్కటే ఉంది.”

“ఒక్కటి చాలక్కా.”

ప్రసన్నకుమారి దాన్ని వెనక్కి తెచ్చే రీస్టోర్ బటన్ నొక్కింది. హనుమేష్ కాలు కిందికి దించాడు. “ఈ కాలంలో దొంగ వీడియోలు శానా వస్తాండాయి సార్. నమ్మేదానికి లేదు.”

“ముందు నేనొక్కణ్ణే చూస్తాను,” అన్నాడు అధికారి.

“వద్దు సార్,” స్తుతి అడ్డుపడింది. “సౌండు మొత్తం పెంచండి. ఆ తలుపు తీయండి. వరండాలో ఉండే క్వారీ కూలోళ్ళంతా వినాల. సచ్చినోడే పేరు చెప్తే ఈయప్ప మొహం ఎట్ల మారుతాదో నేను చూడాల.”

అధికారి తల ఊపాడు. ప్రసన్నకుమారి తలుపు బార్లా తీసి వచ్చి వీడియో నడిపించింది.

బండలో వరసగా రంధ్రాలు. వాటిలోంచి పైకి పోతున్న వైర్లు. జయరాజ్ ఆయాసపడుతూ మేస్త్రీకి చెబుతున్నాడు, “గోపన్నా, అన్నీ సరిగ్గా ఉండాయి, చూసుకో.” ఉన్నట్టుండి కెమెరా పైకి లేచింది. గోతి అంచున ఎండకు అడ్డంగా ఒక నల్లటి ఆకారం వంగి ఉంది. మొహం తెలియడం లేదు.

స్తుతి ఇక తెర వైపు చూడలేదు. రెండు కళ్ళూ హనుమేష్ మీద నిలిపి కాచుకుంది. స్పీకర్‌లోంచి ఆమె మొగుడి కేక గది దాటి వరండా దాకా వినబడింది.

“రేయ్ శామూ, నొక్కద్దురా, నేనింకా కిందనే ఉండా.”