ఇంటూ గుర్తు

ప్రకటనను మూసే ఇంటూ గుర్తు ఎక్కడుందో ఆమెకు కనిపించలేదు. ఫోను తెర నిండా రంగుల చక్రం గిర్రున తిరుగుతోంది. తిప్పండి, గెలవండి అంటోంది. దాని వెనకాల, కనబడీ కనబడనట్టు, ఆమెకు కావలసిన వాక్యం ఉంది. ‘పిల్లలు పొరపాటున షుగరు మాత్రలు మింగితే వెంటనే...’

మిగతాది చక్రం కింద ఉంది.

ఒళ్లో నాలుగేళ్ల కూతురు వెక్కివెక్కి ఏడుస్తోంది. గుప్పిట్లో ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్పు. సగం కుట్టిన చొక్కా మిషను సూది కింద అలాగే ఉండిపోయింది.

“మాత్రలేవి తల్లీ? కొట్టనులే, చెప్పు.”

“అయిపోయాయి.”

“అన్నీనా?”

పాప తలూపి మళ్లీ ఏడుపు అందుకుంది.

ఆంబులెన్సుకు అప్పటికే ఫోను చేసింది. బయల్దేరిందన్నారు, దారిలో రద్దీగా ఉందన్నారు. ఈలోగా ఏం చేయాలని అడిగేలోపే లైను తెగింది. మళ్లీ చేస్తే కలవలేదు. బస్సు నడిపే మొగుడు డ్యూటీలో ఫోను తీయడు. “మావయ్యా, మీ మాత్రలు పాప మింగేసింది” అని పక్కగదిలోకి కేక పెట్టింది. వాలుకుర్చీలో మామగారు కదల్లేదు. భోజనమయ్యాక ఆయన పక్కన పిడుగు పడ్డా అంతే.

ఆ కేకకు పక్కింటి పిన్నిగారు తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. సంగతి విని పాప గడ్డం పట్టుకుని నోట్లోకి చూసింది.

“ఉప్పునీళ్లు పట్టించు. కక్కేస్తుంది.”

“కక్కించొచ్చో కూడదో తెలీదు పిన్నీ. కొన్నిటికి కక్కిస్తేనే ప్రమాదమట. అదే చూస్తున్నా.”

“చూడు మరి.”

“చూడనిస్తేగా.”

ఇంటూ గుర్తు దొరికింది. తెర మూలన ఆవగింజంత ఉంది. నొక్కింది. చక్రం పోయి ఏదో ఆట తెరుచుకుంది, గలగలమని నాణేలు రాలాయి. వెనక్కి వచ్చింది. ఈసారి సోఫాలు. అవి మూస్తే, మీకు రోజూ సమాచారం పంపమంటారా అని ఒక పెట్టె అడిగింది. వద్దు అని నొక్కితే పేజీ మొత్తం మొదటికొచ్చింది. మళ్లీ చక్రం.

“స్ట్రిప్పులో ఎన్నున్నాయో మీ మావయ్యని అడగరాదూ” అంది పిన్నిగారు.

“ఆయనకి అన్నం తిన్నదే గుర్తుండదు పిన్నీ.”

కింద ఆకుపచ్చ రంగులో ‘డాక్టరుతో ఇప్పుడే మాట్లాడండి’ అని కనిపించింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. నొక్కింది. అవతల ఒకమ్మాయి తీయగా పలికింది.

“చెప్పండి మేడం, షుగరు ఎప్పట్నుంచి ఉంది?”

“నాకు కాదమ్మా. నా కూతురు షుగరు మాత్రలు మింగేసింది. చిన్నపిల్ల. ఇప్పుడేం పట్టాలి?”

“తప్పకుండా మేడం. మా పొడి రెండు పూటలా వాడితే ఇంక మాత్రలతో పనే ఉండదు.”

“డాక్టరున్నారా అమ్మా అక్కడ? ఒక్క ముక్క చెప్పమను.”

“మీ అడ్రసు చెప్తే ఇవాళే పంపిస్తాం మేడం.”

ఫోను పెట్టేసింది. గోడకు చేరగిలబడింది. పిన్నిగారు పాపను తన ఒళ్లోకి తీసుకుంది.

“కళ్లు తేటగానే ఉన్నాయే. ఒళ్లు కూడా చల్లబడలేదు.”

“ఇప్పుడు బాగానే ఉంటుంది పిన్నీ. లోపల కరిగాక చెప్పలేం.”

మళ్లీ పేజీ తెరిచింది. ఈసారి టీ కప్పు పట్టుకుని నవ్వుతూ ఒక ఆడమనిషి వచ్చింది. సన్నబడటం ఎలాగో చెబుతోంది. దాటవేయాలంటే కాసేపు ఆగాలని కింద రాసుంది. ఆ మనిషి టీ ఊదుకుంటూ, ఊదుకుంటూ తాగుతోంది.

“నీ కాళ్లు పట్టుకుంటానమ్మా, పక్కకు జరుగు” అంది ఆమె, తెరలోని మనిషితో. “నీకూ పిల్లలుంటారు.”

పాప ఏడుపు ఆపి అమ్మ ముఖంలోకే చూస్తోంది.

టీ ఆవిడ వెళ్లిపోయింది. ఇంకేదో రాబోయింది, రాకముందే ఆమె బొటనవేలితో పేజీని సర్రున పైకి తోసింది. అక్షరాలు కనిపించాయి. బయటికే చదివింది.

“కక్కించవద్దు. స్పృహలో ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. ఆసుపత్రికి చేరేదాకా నిద్రపోనివ్వకూడదు.”

పిన్నిగారు వంటింట్లోకి ఉరికింది. చక్కెర డబ్బా మూత ఎక్కడో దొర్లిపోయింది. గ్లాసులో చెంచా గిరగిరా తిప్పి తెచ్చి అందించింది. పాపకు ఇదేదో కొత్త మర్యాదలా ఉంది. రెండు చేతులా పట్టుకుని గటగటా తాగింది.

“నిద్రొస్తోందా నాన్నా?”

“రావట్లేదు.”

“కళ్లు తిరుగుతున్నాయా?”

“ఊహూ.”

వీధి చివర ఆంబులెన్సు కూత వినిపించింది. ఆమె పాపను గుండెకు హత్తుకుని అప్పటిదాకా బిగబట్టిన ఏడుపంతా ఏడ్చింది. పిన్నిగారు వీపు నిమురుతూ, “ఇంకేం భయం లేదే, గండం గడిచింది” అంది.

ఆమె ముఖం తుడుచుకుని రెండో గ్లాసు కలిపింది.

“ఇది కూడా తాగెయ్ బంగారం. మాత్రల మందు విరిగిపోతుంది.”

పాప గ్లాసును చేత్తో తోసి, పక్కగదిలోని వాలుకుర్చీ వైపు చూపించింది.

“ఇది తాతకివ్వమ్మా. డాక్టరాటలో మాత్రలన్నీ మింగింది తాతే కదా.”