బాగా చూస్తున్నారా?

టీవీలో వార్తలు చదివే అమ్మాయి మొహం ఉన్నట్టుండి గళ్లు గళ్లుగా విడిపోయింది.

పెద్దాయనకు చిర్రెత్తుకొచ్చింది. రైల్వేలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. కనబడ్డ ప్రతివాడినీ అనుమానించే అలవాటు మాత్రం రిటైరవలేదు. కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్లాక ఆయనకు టీవీయే దిక్కు.

కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేసి చీవాట్లు పెట్టాడు.

మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. నెరిసిన జుట్టు, మెడలో తోలు సంచీ, అందులో చిన్న మీటరు.

"లోపలికి రావయ్యా. టీవీ ఇక్కడుంది."

"అక్కర్లేదండీ. సిగ్నల్ సంగతి బయటే తెలుస్తుంది."

వరండా గోడకున్న కేబుల్ ఊడదీసి మీటరుకు తగిలించాడు. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి. కొత్త కనెక్టరు బిగించాడు. లోపల వార్తల అమ్మాయి మొహం అతుక్కుంది.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారండీ?"

"నేను, కొడుకు, కోడలు. ఏం, దానికీ మీటరుందా?"

ఆయన నవ్వలేదు. మీటరు సంచీలో పెడుతూ అడిగాడు.

"కోడలుగారిని బాగా చూస్తున్నారా?"

పెద్దాయన తికమకపడ్డాడు.

"కోడలుగారు బాగా చూస్తున్నారా అనాలయ్యా. ఆ, చూస్తుంది. సీరియల్ ఒక్కటీ వదలదు."

"అదేనండీ," అన్నాడాయన.

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. ఈసారి ఎవరూ పిలవలేదు.

"సిగ్నల్ పడిపోయిందేమోనని."

"బాగానే వస్తోందిగా."

"బాగా వస్తున్నప్పుడే ఓ కన్నేసి ఉంచాలండీ."

మీటరు తగిలించాడు గానీ, కళ్లు చెప్పుల స్టాండు మీదున్నాయి. పెద్దాయన మంచినీళ్లు తెచ్చేసరికి సంచీ సర్దేసుకున్నాడు. ఆ నీళ్లు కూడా గడప అవతలే నిలబడి తాగాడు. ఇదేం మనిషో పెద్దాయనకు అంతుపట్టలేదు.

సాయంత్రం కోడలు స్టాండు దగ్గర ఆగిపోయింది.

"నా తెగిన చెప్పు బాగు చేయించారా మామయ్యా?"

"నేనెక్కడ చేయించానమ్మా? మీ ఆయనేమో."

"ఆయనా?" అని నవ్వింది.

తెగిన వారు సన్నటి రాగి తీగతో బిగించి ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని కోడలు చాలాసేపు అక్కడే నిలబడింది.

మూడోసారి వచ్చినప్పుడు, వెళ్తూ వెళ్తూ మీటరాయన అన్నాడు.

"ఉంటాను బావగారూ."

పెద్దాయనకు ఒళ్లు మండింది.

"ఏమన్నావు? నేను నీకు బావనా? మీ చెల్లెల్ని నాకెప్పుడిచ్చావయ్యా?"

"నోరు జారిందండీ."

"నన్నలా పిలవాల్సినవాడు వేరే ఉన్నాడు. ఏదో పెద్ద ల్యాబులో రక్తాలు టెస్టు చేస్తాడట. ప్రేమపెళ్లి చేసుకుందని కూతురి మొహం చూడ్డం మానేశాడు. ఆయనకే లేని వరస నీకెందుకు?"

మీటరాయన తీగ చుట్టుకుని, సంచీ మెడలో వేసుకుని వెళ్లిపోయాడు.

పెద్దాయన ఊరుకోలేదు. మళ్లీ ఫోన్ చేశాడు.

"మీ మీటరాయన వాలకం తేడాగా ఉంది. దొంగతనానికి ఇల్లు చూసి పెట్టుకుంటున్నాడేమో. ఇక పంపకండి."

"మేం పంపింది ఒక్కసారేనండీ. అసలు మీ వీధి ఆయనది కాదు. మీ కంప్లైంటు రాగానే అడిగి మరీ తీసుకున్నాడు."

"ఎందుకు?"

"ఏమోనండీ. సరే, రావద్దని చెప్తాం."

నిజంగానే రాలేదు. టీవీలో బొమ్మ అద్దంలా వస్తోంది. అయినా మధ్యాహ్నం గేటు చప్పుడైతే పెద్దాయన తలెత్తి చూసేవాడు. ఎవరి కోసం చూస్తున్నాడో ఆయనకే అర్థమయ్యేది కాదు.

ఒకరోజు పొద్దున్నే కోడలు ఫోన్ పట్టుకుని గోడవారన కూలబడింది.

"నాన్న పోయారు మామయ్యా. నిద్దట్లోనే."

కోపం పక్కనబెట్టి పెద్దాయన కూడా బయల్దేరాడు. ఏ బంగళాకో వెళ్తున్నామనుకున్నాడు. ఆటో ఒక ఇరుకు సందులో ఆగింది. ముందు గదిలో మేకుకి తోలు సంచీ వేలాడుతోంది.

"ఇదేంటమ్మా?"

"నాన్న టెస్టింగ్ మీటరు మామయ్యా. కేబుల్ సిగ్నల్ చూసేది."

"మరి ల్యాబన్నావు?"

"టెస్టింగ్ అన్నాను. ల్యాబని మీరే అనుకున్నారు. నేను కాదనలేదు." కోడలు కళ్లు తుడుచుకుంది. "మీ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నారు. మాట తప్పే మనిషి కాదు."

పెద్దాయన చాప మీద పడుకోబెట్టిన మనిషి దగ్గరకు వెళ్లి, మొహం చూసి, అక్కడే కూలబడ్డాడు.

చల్లబడ్డ ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, "బాగానే చూస్తున్నాం, బావగారూ," అన్నాడు.