శనివారం చీగాంగ్

"ఏమండీ, ఇవాళ మీతో నేనూ వస్తున్నా" అంది ప్రఫుల్ల, బూట్ల లేసులు కట్టుకుంటూ.

తలుపు తీయబోతున్న శేషగిరి వెనక్కి తిరిగాడు. "ఎక్కడికి?"

"ఎక్కడికేవిటండీ! మీ చీగాంగ్ క్లాసుకి. ఎలా చేస్తారో నాకూ చూపిద్దురు గానీ."

"వానొచ్చేట్టుందే, నీకెందుకా శ్రమ?"

"ఈ లండన్ హారోలో వానకి జడిస్తే ఇక బయటికెళ్ళేదెప్పుడు? పదండి."

షుగర్ హద్దు దాటిందని జీపీ డాక్టరు హెచ్చరించిన రోజున, చైనావాళ్ళ ఈ ఊపిరి వ్యాయామం మంచిదని ఎవరో చెబితే, పార్కులో క్లాసు వెతికిపెట్టింది ప్రఫుల్లే. మన మహానుభావుడు ప్రతి శనివారం పార్కుకని బస్సెక్కి, రెండు స్టాపుల ముందే దిగిపోయేవాడు. దోసెల హోటల్లో నేతి పెసరట్టు, పంచదార దండిగా వేయించుకున్న ఫిల్టర్ కాఫీ లాగించి, మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని, చెమట పట్టినట్టు మొహం తడుపుకుని ఇల్లు చేరేవాడు.

"అలిసిపోయారా?" అంటూ మజ్జిగ చేతికిచ్చేది ఆవిడ. మొగుడి షుగర్ దిగేదాకా కాఫీ ముట్టనని వెంకన్నకు మొక్కుకుంది. కాఫీ పడందే తెల్లారని మనిషి! ఆవిడ పొద్దున్నే వేణ్ణీళ్ళు తాగి, తలనొప్పికి అమృతాంజనం రాసుకుంటుంటే, ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకునేవాడు శేషగిరి. శనివారం వచ్చిందంటే మళ్ళీ ఆ హోటలే.

బస్సు హోటల్ ముందు ఆగింది. ప్రఫుల్ల కిటికీలోంచి ఆ బోర్డుకేసి చూసింది. అతను తలెత్తలేదు.

పార్కులో పదిమంది చేతులు మెల్లగా పైకెత్తుతూ గాలి పీలుస్తున్నారు. శేషగిరికి మాత్రం ఊపిరాడటం లేదు. పట్టుబడేకంటే తనే చెప్పేయడం నయం అనుకున్నాడు.

"ప్రఫుల్లా, ఆగు. నీకు చాలా అన్యాయం చేశాను. నేనసలు..."

"క్లాసయ్యాక చెబుదురు గానీ" అని ఆవిడ ముందుకు నడిచింది.

తెల్లజుట్టు చైనా టీచరమ్మ ఎదురొస్తోంది. నువ్వెవరయ్యా అని అడుగుతుంది, నా పని అయిపోయింది అనుకుని కళ్ళు మూసుకున్నాడు శేషగిరి.

టీచరమ్మ నేరుగా వచ్చి ప్రఫుల్ల చేతులు పట్టుకుంది.

"రండి ప్రఫుల్లా, ప్రతి వారంలాగే మీ చోటు మీకే ఉంచాం. మీ ఆయన వాటర్ బాటిల్ మర్చిపోయారని మొదటి వారం వెతుక్కుంటూ వచ్చారే, ఆయన ఇన్నాళ్ళకి దొరికారా?"