చార్టులో జర్మనీ ఎందుకుంది?

“సూటిగా చెప్పండి. ఈ చార్టు ఎవరు చేశారు?” సఫూరా టీచర్ అడిగింది.

శనివారం సెలవు కావడంతో ఒమాన్‌లోని ఆ బడి ఆవరణ బోసిగా ఉంది. బల్లకు ఇవతల సింధూజ, ఆమెను ఆనుకుని పదేళ్ళ కూతురు విజేత నిలబడ్డారు. బల్ల మీద నీలం చార్టు పరిచి ఉంది. దాని మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం నాటి వెల్లింగ్టన్ బాంబర్ విమానం బొమ్మ, చుట్టూ దాన్ని నడిపిన వైమానిక దళాల పేర్లు.

“ఎవరు చెయ్యాల్నో వాళ్ళే చేసిన్రు మేడం.”

“మీ ఆయన పొద్దున ఘాలాలోని గ్యారేజీకి పోతే చీకటి పడ్డాకే వస్తాడు. ఇంట్లో ఉండేది మీరిద్దరే. ఒకరి పని ఇంకొకరు చేసిపెట్టారని నా అనుమానం. అదే నిజమైతే సున్నా వేస్తాను. సున్నా పడితే పరీక్షకు కూర్చోనివ్వరు.”

సింధూజకు ఒళ్ళు మండింది. వారం రోజులుగా ఆ ఇంటి వంటగట్టు మీద గరిటెల కన్నా కత్తెర, జిగురు, స్కెచ్ పెన్నులే ఎక్కువ.

“ఏం చూసి అనుమానపడ్డరు?”

“అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి.”

“మంచిగ రాస్తె గుడ తప్పేనా? గలీజుగ రాస్తె ఏమంటుంటిరి?”

“సరే, ఇదిగో జర్మనీ. ఇంగ్లండ్ విమానాన్ని శత్రువు నడుపుతాడా? ఎవరో రాసిస్తే గుడ్డిగా అతికించారు.”

“నడిపిన్రు!” సింధూజ గొంతు వరండా దాకా వినబడింది. “యుద్ధంల ఒకటి చేజిక్కింది వాళ్ళకు. తమ గుర్తులేసుకొని ఎగిరేసిన్రు, ఎట్ల పనిచేస్తదో చూద్దామని.”

“అమ్మా, మెల్లగ,” అంటూ విజేత ఆమె చున్నీ లాగింది.

“నువ్వాగే! ఇగో మేడం, గిక్కడ ఒమాన్ల మసీరా దీవి ఉంది గదా, ఆడికెళ్ళి గుడ ఎగిరింది ఈ విమానం. సముద్రంల సబ్‌మెరైన్లను ఎతికింది.”

సఫూరా కళ్ళద్దాలు పైకి తోసుకుంది. “ఇంత తెలుసా మీకు? మీ చదువు ఏడో తరగతితో ఆపేశారు కదా?”

“బడి ఆపిన్రు, బుర్ర ఆపలే!”

అనేశాక సింధూజ నాలుక కరుచుకుంది.

సఫూరా విజేత వైపు తిరిగింది. “నువ్వు చెప్పు పాపా. పోలండ్‌ను జర్మనీ ఆక్రమించుకుంది కదా. మరి పోలండ్ వాళ్ళు ఈ విమానం ఎక్కడి నుంచి నడిపారు?”

“తెల్వదు టీచర్.”

“పోనీ, ఈ విమానం పేరేంటి?”

విజేత చార్టు వైపు ఓరగా చూసింది. సఫూరా చెయ్యి అడ్డం పెట్టింది.

“తెల్వదు.”

“చిన్నపిల్లను నిలదీస్తరేంది?” సింధూజకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. “నన్నడుగున్రి. ఇంగ్లండుకు పోయి, ఆడికెళ్ళి ఎగిరిన్రు. దేశం చెయ్యిజారినా చేతిల పని ఇడిచిపెట్టలే వాళ్ళు!”

“చాలు. ఇంకేమీ అడగక్కర్లేదు. ఎవరు చేశారో తేలిపోయింది.”

సఫూరా పెన్ను మూత తీసింది. సింధూజ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“సున్నా ఏసిన్రనుకో, పెద్దసారు దగ్గరికి పోత. ఊకునేదే లేదు.”

ఓపెన్ స్కూల్ పదో తరగతి జాబితాలో సింధూజ పేరు ఎదుట సఫూరా ఇరవైకి ఇరవై వేసింది.