నాకొద్దన్న గడియారం

"మూడు, రెండు... నొక్కు!" అంది సిగ్నె.

టోర్‌కిల్ కంప్యూటర్‌లో పాట పెంచే మీట నొక్కాడు. వేలం గడువు మళ్ళీ మూడు నిమిషాలు పెరిగింది.

"ఛీ! ఆఖరి క్షణంలో పాడినా అంతే, గడువు పొడిగించేస్తారు. నాకు పోటీగా పాడేవాడెవడో జలగ!" అని బల్ల గుద్దాడు. కొత్త పెళ్ళాం సిగ్నె నవ్వాపుకుంటూ అతని నోట్లో దాల్చినచెక్క రొట్టె కుక్కింది.

అమ్మ పోయాక అన్నదమ్ములిద్దరూ నాకొద్దంటే నాకొద్దని మర్యాదకు పోయి, ఆమె సామానంతా ఆన్‌లైన్ వేలానికిచ్చారు. తీరా అందులోని గోడగడియారం లేకుండా టోర్‌కిల్‌కు నిద్ర పట్టడం లేదు.

ఫోన్ మోగింది. అన్నయ్య ఆస్బియోర్న్.

"ఒరేయ్, ఈ వేలాల కిటుకులు నీకు తెలుసుగా! అమ్మ గడియారం కోసం ఎవడో మొండివెధవ ఇప్పుడే మళ్ళీ పాట పెంచాడురా. నేనేం చెయ్యను?"

టోర్‌కిల్ సిగ్నె వైపు చూశాడు. మెల్లగా కంప్యూటర్ మూసేశాడు.

"ఇంకొక్కసారి పాడు అన్నయ్యా. వాడు మానేస్తాడులే."