మూడో అంతస్తు విలన్

"దగ్గరికి రాకండి! ఆ డాక్టరు నాకు విషం ఎక్కిస్తున్నాడు!"

మూడో అంతస్తు కిటికీలోంచి కేక. వెనకే పళ్లెం భళ్లున పగిలిన చప్పుడు. కింద, మూసి ఉన్న కాఫీకొట్టు ముందు కూర్చున్న కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

"శభాష్ శుక్రీ! ఇవాళ డాక్టర్ని చంపేసేట్టున్నావే!"

తల్లి పరుగున వచ్చి కిటికీ రెక్క లాగేసింది. కైరోలో, షుబ్రా పేటలోని ఆ సందుకంతా ఆమె ఉమ్మ్ శుక్రీ, అంటే శుక్రీ అమ్మ. రంజాన్ మొదలైనప్పటి నుంచి ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు.

తలుపు దబదబా మోగింది. ఇంటి యజమాని హాజీ బయ్యూమి. ఉపవాసం మీద ఉన్నాడు, ముఖం చిటపటలాడుతోంది.

"ఏమ్మా, ఇల్లనుకున్నావా, పిచ్చాసుపత్రి అనుకున్నావా? నా మనవరాలు జడుసుకుని పక్క తడుపుతోంది."

"రిహార్సల్ హాజీ గారూ. ఆసుపత్రి సీరియల్ కదా. వీడు అందులో మతి చెడిన రోగి, డాక్టర్ల మీద పడే విలన్. అరవకపోతే ఎలా?"

"ఆ అరుపులేవో షూటింగులో అరవమను!"

"షూటింగు గురువారాలే. అదయ్యాక రెండు రోజులు ఒళ్లెరక్కుండా నిద్రపోతాడు, మీకే గొడవా ఉండదు. ముప్పై భాగాలు, పండగతో సరి. మీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను."

హాజీ నోరు తెరిచేలోగా కాఫీకొట్టు సలామా రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు.

"పిన్నీ, శుభవార్త! ఆ సీరియల్ డబ్బు కట్టి చూసే ఛానెల్లో వస్తుంది, మన టీవీల్లో రాదన్నావుగా? ఫుట్‌బాల్ కోసం ఆ కార్డు నేను తీసుకున్నా. ఇవాళ ఇఫ్తార్ అవగానే పెద్ద తెర మీద మన శుక్రీ!"

ఉమ్మ్ శుక్రీ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వద్దు సలామా! విలన్ వేషం నాయనా. చూసినవాళ్లు రేపు వీణ్ణి రాళ్లతో కొడతారు. దిష్టి కూడానూ!"

"చూడనీ," అన్నాడు హాజీ. "నేనూ వస్తా. చూశాకే తేలుస్తా, మీరు ఈ ఇంట్లో ఉండాలో, పండగకు ముందే సామాను సర్దుకోవాలో."

ఏడాదిలో ఇది మూడో ఇల్లు. ఇదీ పోతే కొడుకును పట్టుకుని ఎక్కడికి పోవాలో ఆమెకు తెలీదు.

మసీదు నుంచి బాంగు వినపడింది. ఆమె ఖర్జూరం ముక్క కొరికి పక్కన పెట్టేసింది. శుక్రీ సూప్ గిన్నె తోసేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కింద కుర్చీలు లాగుతున్నారు, ఒకటే నవ్వులు. కాసేపటికి ఆ నవ్వులు ఆగిపోయాయి. సందంతా చప్పబడింది.

ఆమె దుప్పటి పరిచి బట్టలు మూటకట్టింది. విప్పింది. మళ్లీ కట్టింది. కాలు కాలిన పిల్లిలా ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగింది.

గంట తర్వాత మెట్ల మీద అడుగులు. తలుపు తీస్తే హాజీ, వెనకాల సలామా. హాజీ చేతిలో పళ్లెం నిండా ఖతాయెఫ్ మిఠాయి. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చూశామమ్మా," అన్నాడు.

ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఏం నటించాడు! సూది పట్టుకుని డాక్టరు వస్తుంటే మూలకు నక్కి 'అమ్మా' అన్నాడు చూడూ... ఈ ముసలాడి కళ్లు ఆగలేదు."

"కొట్టంతా ఏడ్చింది పిన్నీ," అన్నాడు సలామా. "ఒక్కడూ టీ అడగలేదు. నా వ్యాపారం మంటగలిసింది."

హాజీ పళ్లెం ఆమె చేతుల్లో పెట్టాడు. లోపలున్న మూట వైపు ఒకసారి చూశాడు.

"అది విప్పెయ్. పండగ తర్వాత కూడా సీరియల్ సాగితే సాగనీ. ఎన్నేళ్లు సాగినా ఇల్లు మీదే. నా మనవరాలికి నేను చెప్పుకుంటాలే."

వాళ్లు మెట్లు దిగిపోయాక ఉమ్మ్ శుక్రీ గడప మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది, ఎందుకంటే కొడుకు జబ్బు దాచుకోవడానికి తను అల్లిన ఆ సీరియల్ ఏ ఛానెల్లోనూ రావడం లేదు.