ఏడో బల్ల దగ్గర తొమ్మిది గుడ్లు

ఏడో బల్ల మీది పెద్ద గురువు పాదాల దగ్గర తొమ్మిది ఉడికిన గుడ్లు, స్ట్రా వేసిన ఎర్ర సోడా సీసా. తనిఖీకి వచ్చిన డీన్ సోంబత్ వాటిని చూసి ఆగిపోయాడు. ఆయన పక్కన అనాటమీ ప్రొఫెసర్ వనిదా. ఎదురుగా ఆ బల్ల తాలూకు విద్యార్థులు ఆరుగురు తలలు దించుకుని నిలబడ్డారు.

చదువుకోసం దేహాన్ని ఇచ్చిపోయినవాళ్లను థాయ్ మెడికల్ కాలేజీల్లో శవం అనరు, పెద్ద గురువు అంటారు. కోసే ముందు దండం పెడతారు, పూలు పెడతారు. ఈ కాలేజీలో అంతవరకే. కోరిక తీరిందని గుడ్లూ సోడాలూ తెచ్చి మొక్కు చెల్లిస్తామంటే కుదరదు. ఆ నియమం రాసింది వనిదాయే, ముప్ఫయ్యేళ్ల కిందట.

"మధ్యాహ్నంలోగా ఇవి పెట్టిందెవరో తేలాలి," అన్నాడు డీన్. "తేలకపోతే ఆరుగురి ఫలితాలూ రద్దు. తేలితే ఆ మనిషి ఇక ఈ హాల్లో అడుగు పెట్టకూడదు. ఎవరైనా సరే. మీ నియమమే కదా, వనిదా గారూ?"

"ఎవరైనా సరే," అంది వనిదా. ఈ నెలాఖరుకు ఆవిడకు అరవై నిండుతాయి. ఇంకో ఐదేళ్లు పాఠం చెప్పనివ్వమని పెట్టుకున్న అర్జీ డీన్ సంతకం కోసం ఎదురు చూస్తోందని కాలేజీ అంతటికీ తెలుసు.

వాళ్లిద్దరూ అటు వెళ్లగానే అందరి చూపులూ చాలిసా మీద పడ్డాయి. పడవా మరి? అనాటమీలో రెండుసార్లు అర మార్కుతో తప్పి, మొన్ననే మూడోసారికి గట్టెక్కిన పిల్ల. ఈసారీ తప్పి ఉంటే మూటాముల్లె సర్దుకోవలసిందే.

"తల్లీ, ఒప్పేసుకో," అన్నాడు ఆ ఆరుగురిలో ఒకడైన థనిత్. "మొక్కులు మొక్కే అవసరం మాకెవరికుంది? నీ పుణ్యాన మేమందరం మునిగేట్టున్నాం."

చాలిసా మొక్కుకోనేలేదు. పెద్ద గురువును వరం అడగడానికి ముఖం చెల్లొద్దూ? ఆయన చేతి నరాలు సగం తెంపింది తనేనాయె. మరి ఎవరు పెట్టినట్టు? ఆ పిల్లకు భయం కన్నా ఇదే ఎక్కువైంది. హాలు చూసుకునే బున్‌లూ బాబాయిని అడిగితే, తాళంచెవి మేకుకే వేలాడుతూ ఉంటుంది, ఎవరైనా తీసుకోవచ్చు అన్నాడు. తను తలుపు తీసేసరికే గుడ్లు అక్కడున్నాయట.

చాలిసా వంగి చూసింది. ఒక్క గుడ్డు మీదా గాటు లేదు. లోపలి పల్చటి పొరతో సహా నున్నగా ఒలిచి ఉన్నాయి. తమ ఆరుగురిలో ఎవరి చేతికీ అంత పనితనం లేదు. అలాగని డీన్‌కు చెబితే నమ్ముతాడా?

మధ్యాహ్నం డీన్ వచ్చాడు, వెనకే వనిదా. ఐదుగురి ఉసురు పోసుకోవడం దేనికని చాలిసా ముందుకు వచ్చింది.

"నేనే పెట్టాను సార్."

"అబద్ధం," అంది వనిదా. "నువ్వు ఒలిస్తే పెంకుతో పాటు సగం గుడ్డు ఊడొచ్చేది." ఆవిడ తెల్లకోటు విప్పి, మడతపెట్టి, బల్ల అంచున ఉంచింది. "ఈ పిల్ల గట్టెక్కాలని మొక్కుకున్నది నేను."

చాలిసా చటుక్కున ఆవిడ వైపు తిరిగింది. నలుగురిలో తనను మొద్దు అని తిట్టిన మనిషి ఈవిడే.

డీన్ ఆ కోటును చూశాడు, ఆవిడను చూశాడు. "పేపర్లు దిద్దేది మీరే కదండీ! ఆ అర మార్కేదో మీరే కలిపేస్తే పోయేది కదా?"

"ఆ పని చెయ్యలేకే మొక్కుకున్నాను."